గోడకి చలేస్తుందా? తాటాకు మినీ క్విల్ట్ డైరీ

ఆగస్టు 30

పేరిచ్చేశాను. రెండేళ్ళుగా పక్కన నిలబడి చూస్తున్న మినీ క్విల్ట్ మార్పిడిలో ఈసారి నేనూ ఉన్నాను. మొత్తం ఇరవై రెండు మందిమి. ఎవరు ఎవరికి కుట్టాలో చీట్లు తీసి చెప్తారు. నేను ఎవరికి కుడుతున్నానో నాకు తెలుస్తుంది గానీ ఆవిడకి తెలియదు, నాకు కుట్టేదెవరో నాకు తెలియదు. ఏ వైపు కొలిచినా ఇరవై అంగుళాలు దాటకూడదు, పై పొర పేపర్ పీసింగ్‌తోనే చెయ్యాలి, నవంబర్ 10 లోపు పోస్టులో పడాలి. ఇవే షరతులు.

ఈ గొడవ తెలియని వాళ్ళకి ఒక్క ముక్కలో చెప్పాలంటే, క్విల్ట్ అంటే మన బొంతే. పైన ఒక పొర, మధ్యలో దూది పొర, అడుగున ఇంకో పొర, మూడూ కలిపి కుట్టు. తేడా అంతా పై పొరలో ఉంటుంది. పేపర్ పీసింగ్‌లో బొమ్మని కాగితం మీద తిన్నటి గీతలుగా గీసి, గుడ్డ ముక్కని కాగితం అడుగున పెట్టి, పైనున్న గీత మీద మిషన్ కుట్టు వేస్తాం. గీత ఎక్కడుంటే కుట్టు అక్కడే పడుతుంది కాబట్టి, నాలాంటి వంకర చెయ్యికి కూడా సూదిమొనల్లాంటి కొసలు వస్తాయి. అన్నీ అయ్యాక కాగితం చింపేస్తాం.

నాకు పడ్డ చీటీ ఒరెగాన్‌లో ఉండే ఒకావిడది. ఫారంలో ఇష్టాలు రాసింది: ఆకులు, చెట్లు, ఆకుపచ్చ, ఆవ రంగు. పండగ బొమ్మలు వద్దు. గులాబీ రంగు అస్సలు వద్దు. చివర్న, ఘాటు వాసనలు పడవు, దయచేసి గమనించండి అని ఉంది. అది చదివి తలెత్తేసరికి వంటింట్లో అమ్మ ఇంగువ పోపు పెడుతోంది.

అమ్మ ఏప్రిల్‌లో తెనాలి నుంచి ఇక్కడికి, అమెరికాలో మా ఒమాహాకి వచ్చింది. నవంబర్ 4న తిరుగు టికెట్. మార్పిడి సంగతి, పదహారంగుళాలది కుడదామనుకుంటున్న సంగతి చెప్తే శ్రద్ధగానే విని, "పదహారంగుళాల బొంతేమిటే, చంటిపిల్లకా?" అంది.

"కప్పుకోడానిక్కాదమ్మా, గోడకి తగిలించుకుంటారు."

"ఏం, గోడకి చలేస్తోందా?"

సెప్టెంబర్ 6

వారం రోజులు వృథా. తెలుగు అక్షరం ఒకటి కుడదామని బుద్ధి పుట్టింది. ఇంగ్లీషు అక్షరాలకి పేపర్ పీసింగ్ నమూనాలు కోకొల్లలు, ఎ నుంచి జెడ్ దాకా కర్రపుల్లలు పేర్చినట్టు ఉంటాయి కాబట్టి. మన 'అ' గీద్దామని కూర్చున్నాను. కాగితం మీద గీతకి అటో ముక్క ఇటో ముక్క పెట్టి, కుట్టి, తిప్పి, ఇస్త్రీ చేస్తాం గదా, గీత వంకర తిరిగితే తిప్పిన గుడ్డ సమంగా పరుచుకోదు, ముడత పడుతుంది. గుండ్రాన్ని చిన్న చిన్న తిన్నటి గీతలుగా విరగ్గొట్టాలి. విరగ్గొట్టి చూస్తే పద్ధెనిమిది ముక్కలు తేలాయి, దూరం నుంచి చూస్తే విరిగిన జంతికలా ఉంది.

అమ్మ నా కాగితం చూసి, "తాటాకు మీద రాసేటప్పుడు గీత తిన్నగా లాగితే ఆకు చీలిపోతుందనే మన అక్షరాలు గుండ్రమయ్యాయిట" అంది. ఈ మాట నేనూ చిన్నప్పుడు బళ్ళో విన్నాను. దాన్ని అక్కడ వదిలేసి వెళ్ళి పప్పు కలియబెట్టుకుంది గానీ నాకు బుర్రలో గంట మోగినట్టయింది. అక్షరాల్ని గుండ్రం చేసిన తాటాకు ఎలా ఉంటుంది? ఒక్క వంపు లేదు! కాడ దగ్గర్నుంచి కొసల దాకా అన్నీ తిన్నటి మడతలే, ఒకవైపు వెలుగు, ఒకవైపు నీడ. ఇంతకన్నా పేపర్ పీసింగ్‌కి పుట్టిన ఆకు ఉందా. ఒరెగాన్ ఆవిడకి ఆకులు కావాలి, పైగా ఆకుపచ్చ కావాలి.

జంతికని చెత్తబుట్టలో వేశాను.

సెప్టెంబర్ 9

డ్రాయింగ్ రోజు. పదహారంగుళాల చదరం, ఎడమవైపు కింద మూలలో కాడ, అక్కణ్ణుంచి విసనకర్రలా ఆకు విచ్చుకుంటుంది. మొత్తం తొంభై డిగ్రీలు గదా, తొమ్మిది రేకలు వేసి ఒక్కోదానికి పది డిగ్రీలు ఇచ్చాను. ఒక్కో రేకకి నాలుగు ముక్కలు: లేతాకుపచ్చ సగం, ముదురాకుపచ్చ సగం, కొసకి అటూ ఇటూ వెనకరంగు ముక్కలు రెండు. ఒక్కో రేకని వేరే కాగితం మీద కుట్టి, తర్వాత రేకకి రేక అతుకుతాను.

కాగితం ఇబ్బంది వచ్చింది. మధ్య రేక మూల నుంచి మూలకి పోతుంది, ఇరవై రెండంగుళాల పైన. మామూలు ప్రింటర్ కాగితం పదకొండే. రెండేసి కాగితాలు అతికిస్తే అతుకు మీద టేపు ఇస్త్రీకి కరిగి గుడ్డకి అంటుకుంటుంది, ఆ ముచ్చట ఇదివరకే తీరింది. డాక్టరు దగ్గర పరీక్ష బల్ల మీద పరుస్తారే, పలచటి తెల్ల కాగితం, ఆ చుట్ట ఒకటి కొనిపెట్టుకోమని మా గిల్డ్‌లో, అంటే క్విల్ట్‌లు కుట్టేవాళ్ళ సంఘంలో, ఒక పెద్దావిడ ఎప్పుడో చెప్పింది. తెప్పించాను. బ్రహ్మాండం. చౌక, చివర్లో ఇట్టే చిరుగుతుంది, అన్నిటికన్నా ముఖ్యం అవతలి గీత ఇవతలికి కనిపిస్తుంది. ఇంట్లో బల్ల మీద పరిచేసరికి మా ఆయన వచ్చి, "ఎవరికి ఆపరేషన్?" అన్నాడు.

సెప్టెంబర్ 14

పాత దుప్పటి గుడ్డతో నమూనా కుట్టాను. రెండు తప్పులు.

మొదటిది అందరూ చేసేదే, నేను నాలుగోసారి చేశాను. గీతలు కాగితం పైన ఉంటాయి, గుడ్డ అడుగున ఉంటుంది, కాబట్టి తయారయ్యే బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది. నేను ఎడమ మూల నుంచి గీసిన ఆకు కుడి మూలకి పోయింది, నీడ ఉండాల్సిన చోటికి వెలుగొచ్చింది. పలచటి కాగితం కాబట్టి తిప్పి, వెనక నుంచి అవే గీతల మీద మళ్ళీ పెన్సిలు దిద్ది, అంకెలు అటువైపు వేసుకున్నాను. అయిపోయింది.

రెండోది అసలు సమస్య. తొమ్మిది రేకలూ కాడ దగ్గర ఒకే బిందువుకి వస్తాయి. రేకల మధ్య ఎనిమిది కుట్లు, రేకల నడిమి ఈనెల కుట్లు తొమ్మిది, ప్రతి కుట్టుకీ అటూ ఇటూ పావంగుళం గుడ్డ. అన్నీ ఒకే చోట పడేసరికి కందికాయంత గడ్డ కట్టింది. ఇస్త్రీపెట్టెతో ఎంత అదిమినా లొంగలేదు. మిషన్ దాని మీదికెక్కి, ఠప్పుమని సూది విరిగింది. కాస్త పక్కకి ఎగిరింది గానీ నా కళ్ళజోడుకి తగిలేది.

లెక్కేసుకుంటే తప్పు తెలిసింది. పది డిగ్రీల రేక కాడకి రెండంగుళాల దూరంలో వెడల్పు ముప్పావలా... కాదు, అంగుళంలో మూడో వంతే! అందులో సగం ఒక ముక్క. పావంగుళం మార్జిన్ కన్నా ముక్కే సన్నం. అట్లాంటప్పుడు మార్జిన్ల మీద మార్జిన్లు ఎక్కక ఏం చేస్తాయి. రేకల్ని ఏడుకి తగ్గించాను, ఒక్కోటీ దాదాపు పదమూడు డిగ్రీలు. మూల నుంచి మూడంగుళాల దగ్గర అడ్డంగా ఒక గీత కొట్టి, అక్కడితో రేకలన్నిటినీ కోసేసి, మూలకి ఆవ రంగు త్రికోణం ఒక్కటే ముక్కగా అతికిస్తే అది కాడ. ఇరవై తొమ్మిది ముక్కలతో బొమ్మ పూర్తి. చూడ్డానికి కూడా అసలు తాటాకులా ఉంది, మొదటిది గొడుగులా ఉండేది.

సెప్టెంబర్ 20

అమ్మని లింకన్ తీసుకెళ్ళాను, ఇక్కణ్ణుంచి గంట లోపే. అక్కడి యూనివర్సిటీలో ఇంటర్నేషనల్ క్విల్ట్ మ్యూజియం ఉంది. 1997లో ఒక దంపతులు తమ దగ్గరున్న దాదాపు 950 క్విల్ట్‌లు ఇచ్చేస్తే మొదలైంది. చీకటి గదులు, చల్లటి గాలి, దూరం దూరంగా వేలాడే బొంతలు. అమ్మ మొదటిదాని ముందు చాలాసేపు నిలబడి, చెయ్యి వెనక్కి పోనిచ్చి అంచు తిప్పబోయింది. చటుక్కున పట్టుకున్నాను.

"ముట్టుకోకూడదమ్మా."

"ముట్టుకోవట్లేదే, వెనక ఎలా కుట్టిందో చూద్దామని."

అమ్మకిది చిన్నప్పటి అలవాటు. జాకెట్టు కుట్టించుకున్నా, ఎవరైనా ఎంబ్రాయిడరీ చూపించినా ముందు తిరగేస్తుంది. పైన ఎవరైనా బాగానే చేస్తారు, పనితనం వెనక తెలుస్తుంది అంటుంది. దార్లో వస్తూ అమ్మమ్మ బొంతల గురించి చెప్పింది. ఎండాకాలం మధ్యాహ్నాలు అరుగు మీద నాలుగైదు పాత చీరలు పరిచి, చుట్టూ నలుగురు కూర్చుని, అంచు దగ్గర మొదలుపెట్టి లోపలికి, చుట్లు చుట్లుగా కుట్టుకుంటూ పోయేవాళ్ళట. ఎవరి కుట్టు ఎక్కడిదో తిప్పి చూస్తే చెప్పెయ్యొచ్చట, పొడుగ్గా సాగదీసి కుట్టిన చోటు మా పెద్దమ్మది.

సెప్టెంబర్ 27

గుడ్డలు తేల్చుకున్నాను. వెనకరంగు మీగడ రంగు కాటన్, కాడకి ఆవ రంగు, ముదురాకుపచ్చ షాపులో కొన్నది. లేతాకుపచ్చ ఒక్కటే కుదర్లేదు. మూడు కొన్నాను, మూడూ ప్లాస్టిక్ మొక్కల్లా ఉన్నాయి. టేబుల్ మీద వేసుకుని తిట్టుకుంటుంటే అమ్మ లోపలికెళ్ళి తన పాత మంగళగిరి చీర తెచ్చి పక్కన పెట్టింది. నిజాం అంచుది. ఉతికి ఉతికి మెత్తబడి, రంగు దిగి దిగి ఎండిపోవడానికి సిద్ధంగా ఉన్న తాటాకు రంగుకొచ్చింది. కుచ్చిళ్ళ దగ్గర చిరిగింది, ఇంట్లో కట్టుకుంటానికి తెచ్చుకుంది.

వద్దన్నాను. నిజం చెప్పాలంటే ఒరెగాన్ ఆవిడ మీద నాకు ఈర్ష్య లాంటిది కలిగింది. ముఖం తెలియని ఒకావిడ గోడ మీదికి అమ్మ చీర పోవడమేమిటి, నా దగ్గర కదా ఉండాలి. అమ్మ విసుక్కుంది. "చిరిగిన చీరే అది. ఇక్కడ వదిలేస్తే నువ్వు బీరువాలో పెట్టి తాళం వేస్తావు, దానికన్నా ఎవరి గోడకో చలి తగ్గుతుందిగా." నేను ఇంకా తటపటాయిస్తుంటే తనే కత్తెర తీసుకుని చిరిగిన వైపు నుంచి గజం కోసేసింది.

ఇంకో చిక్కు. చేనేత గుడ్డ, అందునా ఇన్నేళ్ళు కట్టినది, ఐమూలగా పట్టుకుంటే సాగిపోతుంది. రేక ముక్కలన్నీ ఐమూలే. కాగితం మీద కుడుతున్నాం కాబట్టి కుట్టాక సాగదు, నిజానికి ఇలాంటి వదులు గుడ్డలకి ఈ పద్ధతే దిక్కు. కత్తిరించేటప్పుడే కష్టం, కత్తెర కింద జారిపోతోంది. స్ప్రే స్టార్చ్ కొనాలి అని నేను లిస్టు రాసుకుంటుంటే, అమ్మ అన్నం వార్చిన గంజి గిన్నె తెచ్చి ముందు పెట్టింది. గుడ్డలో వడకట్టి, నీళ్ళు కలిపి పలచగా చేసి, ముక్క ముంచి, పిండి, నీడకి ఆరేసి, ఇంకా కాస్త తడిగా ఉన్నప్పుడే ఇస్త్రీ. చీర ముక్క అట్టలా నిలబడింది! ఈ దేశం వచ్చి పదకొండేళ్ళు, డబ్బాలు డబ్బాలు స్ప్రే కొన్నాను, ఒక్కసారి గంజి గుర్తు రాలేదు నాకు.

అక్టోబర్ 5

కుట్టడం మొదలు. కుట్టు పొడవు ఒకటిన్నర మిల్లీమీటర్లకి దించాను, మామూలుగా రెండున్నర ఉంటుంది. దగ్గర దగ్గరగా బెజ్జాలు పడితేనే తర్వాత కాగితం తేలిగ్గా చిరుగుతుంది. సూది 90 నంబరుది వేశాను.

పద్ధతి రాసిపెడతాను, మళ్ళీ మర్చిపోతాను కాబట్టి. ఒకటో నంబరు ముక్క కాగితం అడుగున, గుడ్డ మంచి వైపు బయటికి ఉండేట్టు. జారకుండా గ్లూ స్టిక్ చుక్క. వెలుతురుకి ఎత్తి పట్టుకుని గీత దాటి పావంగుళం ఉందో లేదో చూసుకోవాలి. పోస్టు కార్డు లాంటి గట్టి అట్ట గీత మీద పెట్టి కాగితాన్ని వెనక్కి మడిచి, బయటికొచ్చిన గుడ్డని పావంగుళం ఉంచి కొయ్యాలి. రెండో ముక్కని మొదటిదానికి ముఖానికి ముఖం చేర్చి, ఆ కోసిన అంచుకి సరిగ్గా ఆనించి, కాగితం మడత విప్పి, గీత మీద కుట్టాలి. తెరిచి ఇస్త్రీ. ఆవిరి పెట్టకూడదు, కాగితం ముడుచుకుపోతుంది. అంతే, మళ్ళీ మూడో ముక్క.

రాస్తే ఇంత తేలిగ్గా ఉంది గానీ రెండో రేకలో మూడో ముక్క తెరిచి చూస్తే కొస దగ్గర ఆవగింజంత గుడ్డ తక్కువైంది, చిన్న కిటికీ తెరిచినట్టు అక్కడ కాగితం కనిపిస్తోంది. ఒకటిన్నర మిల్లీమీటరు కుట్లు విప్పడమంటే బియ్యంలో రాళ్ళు ఏరడం. నలభై నిమిషాలు పట్టింది. ఈ పనిలో పిసినారితనం పనికిరాదు, ముక్క అవసరానికి అరంగుళం అటూ ఇటూ ఎక్కువ పెట్టుకోవాల్సిందే. కానీ అమ్మ చీర ముక్క కదా, చెయ్యి రాలేదు.

అక్టోబర్ 11

ఏడు రేకలూ అయ్యాయి, రేకకి రేక అతికాను, కాడ త్రికోణం కూడా. అతికేటప్పుడు రెండు కాగితాల మూలల్లో గుండుసూది నిలువునా గుచ్చి చూసుకుంటే గీత మీద గీత పడుతుంది. ఆరింట్లో అయిదు అతుకులు అతికినట్టే ఉన్నాయి. ఒకటి దారప్పోగంత పక్కకెళ్ళింది. వదిలేశాను.

అక్టోబర్ 12

కాగితాలు చింపాను. అమ్మా నేనూ చెరో వైపు కూర్చుని, చిక్కుడుకాయలు వలుస్తున్నట్టు. పట్టకారుతో మూలల్లోవి లాగాం. ఇంగ్లండులో 1718 అని తేదీ కుట్టిన పట్టు బొంత ఒకటుంది, అదీ కాగితం ముక్కల మీద కుట్టిందే, కాకపోతే వాళ్ళది చేతి కుట్టు, గుడ్డని కాగితం చుట్టూ మడిచి టాకాలు వేసే పద్ధతి. అలాంటి పాత బొంతల్లో చింపకుండా వదిలేసిన కాగితాలు దొరుకుతుంటాయి, ఉత్తరాలు, పద్దుల పుస్తకాల పేజీలు. వాటిని బట్టి అది ఏ కాలంలో కుట్టిందో పట్టుకుంటారు. ఇది చెప్పగానే అమ్మ ఒక రేక దగ్గర ఆగి, "అయితే ఇది ఉంచు" అంది. చూస్తే తను పెన్సిలుతో పాల లెక్క రాసుకున్న ముక్క! నా చుట్టలోంచి చింపుకుని రాసుకుని అక్కడే పడేసింది, నేను చూడకుండా దాని వెనక రేక గీశాను. ఉంచలేదు, గరగరలాడుతుంది. డైరీలో అతికించుకున్నాను.

అక్టోబర్ 18

మూడు పొరలూ పరిచి పిన్నీసులు పెట్టాను. మిషన్ మీద నిలువు గీతలు కుడదామన్నది నా ప్లాన్. అమ్మ చూసి, "ఈ మాత్రం దానికి మిషనెందుకు, ఇటివ్వు" అంది. షరతుల కాగితం చూశాను, పై పొర పేపర్ పీసింగ్ అని ఉంది గానీ పొరలు కలిపే కుట్టు ఎవరు వెయ్యాలో లేదు. అయినా నిర్వాహకురాలికి మెసేజ్ పెట్టి అడిగాను, లేబుల్ మీద ఆవిడ పేరు కూడా రాయండి చాలు అంది.

ఆవ రంగు లావు దారం, ఎనిమిదో నంబరు పెర్ల్ కాటన్. మామూలు క్విల్ట్ కుట్టు నడిమి నుంచి బయటికి పోతుంది, ముడతలు అంచుకి నెట్టుకుపోవడానికి. అమ్మ బొంత కుట్టు అంచు నుంచి లోపలికి. ముడతలు నడిమికి చేరతాయని నేను భయపడ్డాను. అమ్మ ప్రతి చుట్టుకీ అరచేత్తో నిమిరి, పిన్నీసులు తీసి సర్ది మళ్ళీ పెట్టి, చివరికి నడిమికొచ్చేసరికి ఒక్క ముడత లేదు. చుట్టుకీ చుట్టుకీ మధ్య చిటికెన వేలు వెడల్పు. నాకు రెండు చుట్లు ఇచ్చింది. కుట్టి చూపిస్తే తిప్పి చూసి ఏమీ అనలేదు, అంటే బాగాలేదని.

అక్టోబర్ 25

అంచు పట్టీ. రెండుంపావు అంగుళాల వెడల్పు పట్టీలు, నిడివికి సగానికి మడిచి, ముందువైపు మిషన్ మీద కుట్టి, వెనక్కి తిప్పి చేత్తో హెమ్మింగ్. మూలల్లో మడత నలభై అయిదు డిగ్రీలకి పడాలి. ఆకుపచ్చకి మీగడ రంగుకి కాస్త ఊపు కావాలని ఎర్ర కలంకారీ అద్దకం గుడ్డ పెట్టాను, కిందటేడు బందరు వెళ్ళినప్పుడు కొన్నది. వెనక పై మూలలు రెండింట్లో త్రికోణాలు కుట్టాను, ఒక సన్న పుల్ల గుచ్చితే ఒక్క మేకుకి వేలాడుతుంది. చాలా బాగుంది. అలా అనుకున్నందుకే దిష్టి తగిలినట్టుంది, రేపటి సంగతి చదవండి.

అక్టోబర్ 26

ఉతకాల్సిందే, వేరే దారి లేదు. గంజి ఉంచేస్తే పురుగులు కొడతాయి, పైగా రెండు నెలలు ఈ ఇంట్లో ఉంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే సాంబారు. కాబట్టి చన్నీళ్ళలో ముంచాను. పది నిమిషాలకొచ్చి చూస్తే అంచు చుట్టూ మీగడ రంగు గుడ్డ మీద గులాబీ రంగు.

గులాబీ! ప్రపంచంలో ఆవిడ వద్దన్న రంగు అదొక్కటే.

బందరు గుడ్డ రంగు కారడమా అని నాకు ఏడుపొక్కటే తక్కువ. అసలు ఈ తీరం అద్దకాలు పదిహేడో శతాబ్దంలో ఐరోపా వాళ్ళని పిచ్చివాళ్ళని చేసిందే ఉతికినా రంగు పోకపోవడం వల్ల. చిరివేరు ఎరుపు, పటిక, కరక్కాయ, ఆ విద్య వాళ్ళకి అప్పటికి రాదు. వాళ్ళ నేతగాళ్ళు గోల చేస్తే ఇంగ్లండు 1700లో ఈ గుడ్డల దిగుమతి ఆపింది, 1721లో కట్టుకోవడమే నేరమంది, 1774 దాకా ఆ చట్టం పోలేదు. దొరికిన కాస్త చింట్జ్ గుడ్డలోని (ఈ అద్దకాల్ని వాళ్ళు అలా అనేవాళ్ళు) పువ్వుల్ని జాగ్రత్తగా కత్తిరించి బొంతల మీద అతికించుకునేవాళ్ళు. అలాంటి ఊరి గుడ్డ నా తొట్టిలో కారుతోంది. తప్పు ఊరిది కాదు, నాది. పచ్చవీ మీగడవీ ముందే ఉతికి పెట్టుకున్నదాన్ని, అంచు గుడ్డ చివర్లో తీసి తొందరలో ఉతక్కుండా కుట్టేశాను. తడి తెల్లగుడ్డతో ఒక్కసారి రుద్ది చూసుంటే తెలిసిపోయేది.

ఆరనివ్వకూడదన్నది ఒక్కటీ గుర్తుంది, ఆరితే మరక స్థిరపడిపోతుంది. స్నానాల తొట్టి నిండా వేణ్ణీళ్ళు, చెయ్యి పట్టలేనంత వేడి, గిన్నెలు తోమే లిక్విడ్ కాస్త, బొంత పూర్తిగా మునిగి తేలేంత చోటు. రంగు విడిచినా సబ్బు నీళ్ళలోనే ఉండాలి, మళ్ళీ గుడ్డకి అంటకూడదు, అదీ కిటుకు. రాత్రంతా ఉంచాను. పొద్దున నీళ్ళు రూహ్ అఫ్జా షర్బత్‌లా ఎర్రగా ఉన్నాయి. పారబోసి మళ్ళీ. మూడోసారికి నీళ్ళు తేటపడ్డాయి. మీగడ రంగు మీగడ రంగుకొచ్చింది, ఒక మూల తప్ప, అదీ వెతికితే గానీ కనపడదు. ఎరుపు ఒక ఛాయ దిగి ఇటుక రంగైంది. నిజానికి ముందుకన్నా ఇదే బాగుంది. అమ్మ చీర ముక్కలకి ఏమీ కాలేదు, కారాల్సిన రంగంతా ఎప్పుడో కారిపోయి ఉంటుంది.

తువ్వాళ్ళ మధ్య ఒత్తి, పదహారు పదహారు కొలిచి గుండుసూదులు గుచ్చి ఆరబెట్టాను. వంటింటి తలుపు వేసేసి.

నవంబర్ 3

లేబుల్ కుట్టాను. ఊరు, సంవత్సరం, తాటాకు అని తెలుగులో, కింద ఇద్దరి పేర్లూ. సిరా పెన్నుతో కాదు, గుడ్డ మీద రాసే పెన్నుతో. గుండ్రటి అక్షరాలు.

మార్పిడిలో క్విల్ట్‌తో పాటు ఏదో ఒక చిన్న వస్తువు పెట్టడం ఆనవాయితీ, చాక్లెట్లో, దారప్పెట్టెలో. ఎక్కువమంది ఫ్యాట్ క్వార్టర్ పెడతారు, పద్ధెనిమిది బై ఇరవై రెండు అంగుళాల గుడ్డ. అమ్మకి ఇది చెప్తే ముఖం విప్పారింది. "ఉత్త చేతుల్తో ఎలా పంపుతావా అనుకుంటున్నా. జాకెట్ ముక్క అన్నమాట!" అని పెట్టెలోంచి ఆవ రంగు జాకెట్ ముక్క ఒకటి తీసిచ్చింది. దాన్ని రెండుసార్లు ఉతికాను. కాసిని అరిసెలు కూడా పెట్టమంది. నెయ్యి వాసన అని ఒప్పించడానికి గంట పట్టింది.

నవంబర్ 7

మొన్న నాలుగున అమ్మని విమానం ఎక్కించి వచ్చాను. ఈ రోజు బొంతని పోస్టులో వేశాను. మడిస్తే గీతలు పడతాయి, బొమ్మ బయటికి ఉండేలా చుట్టగా చుట్టి, తడవకుండా జిప్ సంచిలో పెట్టి, అట్ట గొట్టంలో. ఇల్లు రెండింతలు ఖాళీగా ఉంది, మిషన్ దగ్గరికి వెళ్ళబుద్ధి కావట్లేదు.

నవంబర్ 13

ఒరెగాన్ ఆవిడ మెసేజ్. అందిందట, వంటింటి కిటికీ పక్కన తగిలించిందట. రెండు ప్రశ్నలు అడిగింది. ఆ ఆకు ఏమిటి, కుట్టు అంచు నుంచి లోపలికి ఎందుకు పోయింది అని. రెండోది అడిగిందంటే తిప్పి చూసిందన్నమాట. రెండింటికీ పొడుగు జవాబు రాశాను.

నవంబర్ 19

నాకూ వచ్చింది! మిన్నెసోటా నుంచి. పధ్నాలుగంగుళాలు, మంచు మీద ఎర్ర గాదె, దాని తలుపు మీద అడ్డపట్టీలు పావంగుళం కన్నా సన్నం, అవి ఎలా కుట్టిందో తలచుకుంటేనే చేతులు నొప్పెడుతున్నాయి. అమ్మకి వీడియో కాల్ చేసి చూపించాను. అక్కడ పొద్దున్నే, కాఫీ గ్లాసు పట్టుకుని కూర్చుంది.

"బాగుంది. తిప్పు."

తిప్పాను.

"ఇంకాస్త దగ్గరికి. ఆ మూల. కాస్త కిందకి, ఆఁ, అక్కడ."

చాలాసేపు చూసింది. కాఫీ ఒక గుక్క తాగింది.

"నీకన్నా నయమే" అంది.